పద్మావతి దిగిన నీళ్లు

పుంగనూరు పోస్టాఫీసులో కిటికీ వెనక కూర్చుని మనియార్డర్లు తీసుకునే పద్మావతికి ఈత వచ్చునంటే నమ్మేవాళ్లు తక్కువ. బక్కమనిషి. ఎండలో నాలుగడుగులు వేస్తే తల తిరుగుతుంది, బస్సెక్కితే వాంతి చేసుకుంటుంది. కానీ ఆమె నాన్న చెంగయ్య బావులు తవ్వే కూలి. పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆయన చెయ్యి పడని బావి అరుదు. రాయి అడ్డం పడితే మందు పెట్టి పగలగొట్టడం, పూడిక చేరితే దిగి ఎత్తడం, మోటారు జారిపడితే మునిగి తాడు కట్టడం, అంతా ఆయన పనే. మనిషి పడినా ఆయన్నే పిలిచేవారు.

నాన్నకు సంగటి క్యారియరు తీసుకుపోయే ఆడపిల్ల బావిగట్టున ఊరికే కూర్చోవడం చెంగయ్యకు నచ్చలేదు. కాలు జారితే ఏం గతి అని, ఎండిన బెండ్లు నడుముకు కట్టి నీళ్లలోకి దించాడు. మొదట్లో ఏడ్చింది. తర్వాత బెండ్లు విప్పేసింది. పెద్దమనిషి కాకముందే, మెట్ల మీది నుంచి తలకిందులుగా దూకి అడుగున ఉన్న మన్ను పిడికిట్లో పట్టుకుని పైకొచ్చేది.

ఒకసారి పొలాల బావిలో తాగిన మనిషొకడు పడ్డాడు. చెంగయ్య దూకాడు. మునుగుతున్నవాడు ఆయన మెడ చుట్టూ రెండు చేతులూ బిగించాడు. గట్టు మీద జనం పైకి రమ్మని అరుస్తుంటే చెంగయ్య పైకి రాకుండా వాడితోపాటు కిందికే పోయాడు. నీళ్ల మీద బుడగలు తప్ప ఏమీ కనిపించలేదు. కాసేపటికి వాణ్ని జుట్టు పట్టుకుని పైకి తెచ్చాడు. ఆ సాయంత్రం కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"మునిగేవోడు పట్టుకుంటే పైకి రావాలని సూడొద్దమ్మా. వాడు నిన్ను మెట్టు చేసుకుంటాడు. నువ్వు కిందికి పో. వాడే ఇడిసిపెడతాడు. తర్వాత ఎనక నుంచి పట్టుకో."

"ఇడిసిపెట్టకుంటే?"

"తన్ను."

తొంభైల మొదట్లో బోర్లు వచ్చాయి. ఒక్కో పొలంలో ఒక్కో గొట్టం దిగింది, బావులు ఒక్కొక్కటిగా ఎండాయి. చెంగయ్యకు పని పోయింది. పద్మావతి ఇంటర్ చదివి, తపాలా శాఖలో ఉద్యోగం తెచ్చుకుంది. వాళ్ల ఇంటి నుంచి ఒకరు నెలజీతం మనిషి కావడం అదే మొదలు. ఆమె చివరిసారి నీళ్లలో దిగింది పెళ్లికి ముందు వేసవిలో. నీళ్లు మోకాళ్ల లోతుకు దిగిన బావిలో ఈదడానికి లేక, నాన్న పక్కన నిలబడి కాళ్లు కడుక్కుని వచ్చేసింది. ఆ తర్వాత రెండేళ్లకు చెంగయ్య చనిపోయాడు.

ఆమె పెళ్లి చేసుకున్న గణేష్‌ది రామకుప్పం దగ్గర పల్లె. అడవి అంచున వాళ్లకు కాస్త మెట్టపొలం. రాగి కంకి పట్టే కాలంలో ఏనుగులు దిగేవి. ఇంటిల్లిపాదీ డప్పులు, టపాకాయలు పట్టుకుని కాపలా ఉండేవారు. అందరూ ఏనుగుల్ని తరమడానికి మంచె ఎక్కితే గణేష్ చూడడానికి ఎక్కేవాడు. పిల్ల ఏనుగు తల్లి కాళ్ల మధ్యన నిలబడి కంకులు దూసుకునే తీరు చూస్తూ, డప్పు కొట్టడం మరిచిపోయి వాళ్ల నాన్న చేత దెబ్బలు తిన్నాడు. పెద్దయ్యాక పట్టు పరిశ్రమ శాఖలో ఉద్యోగం వచ్చింది. మల్బరీ తోటలు చూడడానికి వి.కోట, కుప్పం వైపు పల్లెలన్నీ తిరిగేవాడు. ఎక్కడికి పోయినా మెడలో పాత బైనాక్యులర్ వేలాడుతుండేది. తోటలో పురుగు పట్టిన ఆకు చూడమంటే కొమ్మ మీది గువ్వను చూసేవాడని రైతులు నవ్వుకునేవారు.

పద్మావతికి మదనపల్లెకు బదిలీ అయ్యాక అక్కడే అద్దె ఇంట్లో కాపురం పెట్టారు. అనిత పుట్టింది. ఆ పిల్ల బడికి పోయే వయసొచ్చాక, ఎల్‌టీసీ కింద సర్కారు ఖర్చుతో దేశంలో ఎక్కడికైనా పోయి రావచ్చని ఆఫీసులో అందరూ మాట్లాడుకునేవారు. పద్మావతి కాశీ అనుకుంది. గణేష్ ఒక వారపత్రికలో నుంచి చింపిన బొమ్మ తెచ్చి చూపించాడు. నీలం నీళ్ల కింద రంగురంగుల చేపలు, వాటి మధ్యన రెక్కల్లాంటి కాళ్లతో తాబేలు.

"అండమాన్," అన్నాడు. "గాజు అద్దం ముఖానికి పెట్టుకుంటారంట. గొట్టం నోట్లో పెట్టుకుని ఊపిరి తీసుకుంటా కింద అంతా సూడొచ్చంట."

"నీకు ఈత రాదు కదా."

"ఈదే పని లేదంట. తేలతాండేదే. నీకు వచ్చు కదా, నువ్వుండావు."

ఆమె నవ్వి ఒప్పుకుంది. పాపను రామకుప్పంలో అత్తగారి దగ్గర వదిలారు.

అది రెండువేల రెండు జనవరి. మద్రాసు నుంచి ఓడలో పోతున్నన్ని రోజులూ పద్మావతికి వాంతులతోనే సరిపోయింది. గణేష్ మాత్రం పైన కమ్మీ పట్టుకుని నిలబడి, నీళ్లలోంచి ఎగిరే చేపల్ని చూసి, కిందికి పరుగెత్తుకొచ్చి ఆమెకు చెప్పేవాడు. అదే ఓడలో మదనపల్లె నుంచి ఇంకో జంట వచ్చింది. రిటైరైన లెక్కల మాస్టరు భీమరావు, ఆయన భార్య ఇందిరమ్మ. పద్మావతికి నిమ్మకాయ వాసన చూపించి, వీపు నిమిరి, ఓడ దిగేదాకా కనిపెట్టుకున్నది ఇందిరమ్మే.

దీవులు చూడడం మొదలైన రెండో రోజు ఒక చిన్న మోటారు పడవలో పదిమంది దాకా బయల్దేరారు. పోయేది మనుషులు కాపురం లేని దీవి. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావాలి. పడవ నడిపే సరంగు తాతలనాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. తెల్లటి గడ్డం, మాట నెమ్మది.

గణేష్ ఆ ఉదయం ఉన్నంత ఆనందంగా ఉండగా పద్మావతి ఎప్పుడూ చూడలేదు. దీవి చేరకముందే తెల్ల పొట్ట గద్ద ఒకటి వాళ్ల ముందే నీళ్ల మీదికి వాలి, చేపను గోళ్లతో తన్నుకుపోయింది. దీవిలో చెట్ల కింద నడుస్తుంటే మనిషంత పొడవు ఉడుము దారికి అడ్డంగా పడుకుని ఉంది. గణేష్ నేల మీద బోర్లా పడుకుని బైనాక్యులర్ అక్కర్లేనంత దగ్గరగా దాన్ని చూశాడు. అది నాలుక చాపి చాపి, విసుగొచ్చినట్టు లేచి పోయింది.

"పద్మా, దాని గొంతు కింద పసుప్పచ్చ చుక్కలు సూసినావా?"

"సూసినాను. లెయ్యి. చొక్కా అంతా ఇసక."

ఒడ్డుకు తిరిగొచ్చాక సరంగు అందరినీ నిలబెట్టి చెప్పాడు. ఒడ్డుకు ఎదురుగా నీళ్లలో పగడపు గట్టు ఉంది. దాని లోపలి నీళ్లు బావిలా కదలకుండా ఉంటాయి. ఒకచోట మాత్రం గట్టు తెగి ఉంది. అక్కడ గుర్తుగా తెల్లటి రాయి కనిపిస్తుంది.

"అమ్మా, బాబూ, ఆ తెల్లరాయి దాటి ఎవరూ ఎల్లొద్దు. పాటు ఏళకి నీరంతా ఆ సందులోంచే బయటికి లాగేస్తాది. నేనే ఆపుకోలేను."

తాడు కట్టిన రబ్బరు చక్రం పట్టుకుని ఒక్కొక్కరూ నీళ్లలో దిగారు. గాజు అద్దం పెట్టుకుని ముఖం నీళ్లలో ముంచిన గణేష్ ఎంతసేపటికీ తల ఎత్తలేదు. సరంగు తాడు లాగి ఒడ్డుకు తెస్తే, అద్దం పైకి తోసి, ఉప్పునీళ్లు కారుతున్న ముఖంతో భార్యను చూశాడు. మెల్లగా, "మన కోసమే ఎవరో దాచిపెట్టినట్టు ఉండాది," అన్నాడు.

పద్మావతి దిగలేదు. చీరతో ఎట్లా దిగుతుంది, అందరి ముందూ. మోకాలి లోతులో నిలబడి చూసింది.

భోజనాలయ్యాక సరంగు కొందరిని వెంటబెట్టుకుని దీవికి అవతలి పక్క పిట్టల గూళ్లు చూపించడానికి పోయాడు. భీమరావు కూడా పోయాడు. ఇందిరమ్మ మోకాళ్ల నొప్పులని చెట్టు నీడలో నడుం వాల్చింది. పద్మావతికి ఆ నీడలో కునుకు పట్టింది. పిట్టలంటే ప్రాణం పెట్టే గణేష్ ఆ రోజు పిట్టలకు పోకుండా మళ్లీ నీళ్లలో దిగాడు. లైఫ్ జాకెట్ ఉంటే ముఖం కిందికి సరిగ్గా వంగడం లేదని విప్పి ఒడ్డున పెట్టాడు. నడుము లోతులోనే కదా ఉండేది అనుకున్నాడు.

తాబేలు వచ్చింది. అది తర్వాత అతను చెబితే తెలిసిన మాట. కొబ్బరికాయంత తల ఎత్తి అతన్ని చూసి, తొందరేమీ లేనట్టు తిరిగి పోసాగింది. అతను వెంబడించాడు. కింద పాదాలకు ఇసుక తగులుతూనే ఉంది, ఆ తర్వాత తగల్లేదు. అయినా తేలుతున్నాడు, నీళ్లే తోసుకుపోతున్నాయి, తనకు ఈత వచ్చేసిందని సంబరపడ్డాడు. తల ఎత్తి చూసేసరికి తెల్లరాయి వెనకబడిపోయింది.

"పద్మావతమ్మా, ఆడ సూడు, మీ ఆయన కాదా?"

ఇందిరమ్మ గొంతు విని పద్మావతి లేచింది. తెల్లరాయికి అవతల, ఎండలో మెరుస్తున్న నీళ్ల మీద ఒక చెయ్యి లేచింది, పడింది. మళ్లీ లేచింది. అరుపు ఒడ్డుదాకా రాలేదు.

ఒడ్డు మీద నలుగురో అయిదుగురో ఉన్నారు. ఒకాయన సరంగు కోసం చెట్ల లోపలికి పరుగెత్తాడు. ఇంకొకాయన రబ్బరు చక్రాన్ని విసిరాడు. అది పదిగజాలు పోయి పడింది. పద్మావతి చీర విప్పి ఇసుక మీద పడేసింది. లోపావడ నడుముకు ఎగదోపుకుంది.

"వద్దమ్మా, సరంగు వస్తాడు. నీకు బిడ్డ ఉండాది," అని ఇందిరమ్మ చెయ్యి పట్టుకుంది.

పద్మావతి చెయ్యి విడిపించుకుని నీళ్లలోకి పరుగెత్తింది.

మొదట్లో చేతులు వాటంతటవే కదిలాయి. ఇన్నేళ్లయినా మరిచిపోలేదు. కానీ ఇవి బావినీళ్లు కావు. ఉప్పు కళ్లలో మండింది. నోట్లోకి పోయిన నీళ్లు గొంతులో గీసుకుంటూ దిగాయి. బావిలో ఎటు ఈదినా ఒక గోడ తగులుతుంది, రాతిసందులో వేళ్లు దూర్చి ఆయాసం తీర్చుకోవచ్చు. ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. తెల్లరాయి దగ్గరికి రాగానే నీళ్లు ఆమెను లాక్కున్నాయి. తానే ఈదుతోందో, నీళ్లే తీసుకుపోతున్నాయో తెలియలేదు. ఒకసారి తిరిగి చూసింది. ఒడ్డు మీద ఇందిరమ్మ తెల్లచీర చిన్న గుడ్డపీలిక అంత కనిపించింది.

గణేష్ ముఖం మీది గాజు అద్దం ఎక్కడో పడిపోయింది. నోరు నీళ్లకు మీదికీ కిందికీ వస్తోంది. ఆమెను చూశాడు. చూసిన కళ్లలో ఆమెను గుర్తుపట్టిన జాడ లేదు.

"నేను, నేనే, చేతులు వదులు చేసి ఎల్లకిలా పడుకో," అంది.

అతను ఆమె మీద పడ్డాడు. రెండు చేతులూ మెడ చుట్టూ బిగించి, మోకాళ్లతో ఆమె నడుము మీదికి ఎక్కడానికి చూశాడు. ఆమె తల మునిగింది. పైకి లేచి అర ఊపిరి తీసుకుంది, మళ్లీ మునిగింది. ఆమె బక్కమనిషి, అతను బరువైనవాడు. మూడోసారి మునిగినప్పుడు ముక్కులోకి నీళ్లు పోయి తల పగిలినట్టయింది. పైకి రావడానికి చూడలేదు. కిందికే పోయింది. చీకటి నీలం చుట్టూ కమ్ముకుంది. అతను వదల్లేదు. గోళ్లు మెడలో దిగాయి. ఊపిరి అయిపోతోంది. కాళ్లు దగ్గరికి ముడిచి, రెండు పాదాలూ అతని పొట్టకు ఆనించి బలంకొద్దీ తన్నింది.

చేతులు వదిలాయి.

పైకొచ్చి గాలి మింగింది. దగ్గింది. చుట్టూ చూసింది. దగ్గర్లో నీళ్లు తప్ప ఏమీ లేవు. గణేష్ లేడు.

"ఏమయ్యా," అని పిలిచింది, ఇంట్లో వంటగదిలోంచి పిలిచినట్టు. అంతకన్నా గట్టిగా గొంతు రాలేదు.

మునిగింది. కళ్లు తెరిస్తే మంట, మసక. చేతులతో తడిమింది. ఏమీ తగల్లేదు. పైకొచ్చింది, మునిగింది. తర్వాతి మునకలో కాలికి ఏదో మెత్తగా తగిలింది. తిరిగి, కిందికి చెయ్యి చాపితే జుట్టు. ఆ జుట్టు పిడికిట్లో బిగించి పైకి లాగింది. ఈసారి అతను పట్టుకోలేదు. చేతులు వేలాడుతున్నాయి. ముఖం పైకి తిప్పి, గడ్డం కింద చెయ్యి వేసి, ఎటు పోవాలో చూసింది. ఒడ్డు వైపు ఈదితే నీళ్లు వెనక్కి తోస్తున్నాయి. ఎదురీదే బలం లేదు. నీళ్లు పోయే వైపే పక్కగా, అలలు విరిగే చోట నల్లటి రాళ్లు కనిపించాయి. అటే పోయింది.

రాళ్లకు అంటుకున్న గుల్లలు ఆమె మోకాళ్లనూ అరచేతులనూ కోశాయి. అల ఒకటి ఇద్దర్నీ పైకి విసిరింది. వెనక్కి జారకముందే ఆమె సందులో కాలు దూర్చి నిలబడి, అతన్ని చంకల కింద పట్టుకుని లాగింది. అతని పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఊపిరి లేదు.

ఏం చెయ్యాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. నాన్న బావిలోంచి తీసినవాళ్లను ఏం చేసేవాడో గుర్తున్నంతవరకు చేసింది. బోర్లా తన మోకాలి మీద వేసుకుని వీపు మీద అరచేతులతో నొక్కింది. నీళ్లు కారాయి. మళ్లీ నొక్కింది. కొట్టింది. ఏడ్వలేదు. "అనిత అడగతాది, అనితకు ఏం సెప్పేది, లెయ్యి," అంటూ కొడుతూనే ఉంది. చెయ్యి ఇక లేవదనుకున్నప్పుడు అతని లోపల్నుంచి కుక్క మూలిగినట్టు ఒక శబ్దం వచ్చింది. భోజనమూ ఉప్పునీళ్లూ కలిసి ఆమె ఒళ్లోకి కక్కాడు. ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరిలో నీళ్ల గరగర వినిపించింది.

అంతటితో అయిపోలేదు. అక్కడి నుంచి దీవి ఒడ్డు కనిపించదు, మధ్యన నీళ్లలోకి పొడుచుకొచ్చిన, చెట్లున్న నేల కొమ్ము అడ్డం వచ్చింది. పడవ మోటారు చప్పుడు ఒకసారి వినిపించింది, అవతలివైపు. దగ్గరికి రాలేదు. కొట్టుకుపోయినవాళ్లు బయటి సముద్రంలోకి పోయి ఉంటారని సరంగు అటే వెతుకుతున్నాడు. పద్మావతి అరిచింది. అలల చప్పుడులో తన అరుపు తనకే వినిపించలేదు.

నీళ్లు పెరుగుతున్నాయని ఆమె కాసేపటికి గాని గమనించలేదు. ఇందాక గణేష్ పాదాలు పెట్టిన రాయి ఇప్పుడు నీళ్ల కింద ఉంది. పాటు పోయి పోటు మొదలైంది. ఆమె అతన్ని ఇంకొంచెం పైకి ఈడ్చింది. మళ్లీ నీళ్లు వచ్చాయి. ఆ తర్వాత ఈడ్చడానికి పైన రాయి మిగల్లేదు. అతని వెనక కూర్చుని, రెండు కాళ్లూ రాతిసందులో గట్టిగా తన్నిపెట్టి, చేతులు అతని రొమ్ము చుట్టూ వేసి వేళ్లు ముడివేసింది. అల వచ్చినప్పుడల్లా అతని గడ్డం పైకెత్తేది. అతనికి ఒకసారి తెలివి వస్తోంది, ఒకసారి పోతోంది.

"చలి," అన్నాడొకసారి.

"నేనుండాను కదా."

"ఎవరు?"

ఆమె అతని గడ్డం ఇంకాస్త పైకెత్తింది.

నీళ్లు ఆమె నడుము దాటాయి. ఎండ పసుపు పచ్చగా మారింది. ఏ దేవుడికీ మొక్కుకోలేదని తర్వాత ఇందిరమ్మతో చెప్పింది. బుర్రలో ఒకటే లెక్క తిరిగింది. ఇంకాస్త పెరిగితే ఇతన్ని పట్టుకుని ఎంతసేపు తేలగలను? వదిలి ఒక్కదాన్నే ఈదితే ఆ కొమ్ము దాకా పోగలనా? పోతే పాపకు తల్లి ఉంటుంది. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా వేళ్లు ఇంకా బిగించేది. వేళ్లకు స్పర్శ పోయి చాలాసేపైంది. బిగించానో లేదో తల వంచి చూసుకుంటే గాని తెలియలేదు.

సరంగు మూడోసారి చుట్టూ తిరిగి వస్తూ, రాళ్ల మీద ఎప్పుడూ వాలే పిట్టలు వాలకుండా పైనే తిరుగుతుండడం చూసి పడవ ఇటు తిప్పాడట. నీళ్లు అప్పటికి ఆమె రొమ్ము దాకా ఉన్నాయి. తాడు విసిరితే పట్టుకోలేదు. వేళ్లు విప్పలేకపోయింది. సరంగే దూకి ఈది వచ్చి, ఒక్కొక్క వేలూ తన చేత్తో విడదీశాడు.

"అయిపోనాదమ్మా, ఇంక వదిలెయ్యి. నేను పట్టుకున్నాను, ఇంక వదిలెయ్యి," అంటూనే ఉన్నాడు.

పడవలో ఇందిరమ్మ ఆమె చీర తెచ్చి ఒంటికి చుట్టింది. భీమరావు ముఖం పక్కకు తిప్పుకుని కూర్చున్నాడు. గణేష్ ఊపిరి గరగరలాడుతూ వినిపించినంతసేపూ అందరూ దాన్నే విన్నారు.

ఆ రాత్రి నుంచి అతనికి జ్వరం కాసింది. ఊపిరితిత్తుల్లోకి ఉప్పునీళ్లు పోయాయని, ఏ సంగతీ చెప్పలేమని ఓడరేవు ఊరి ఆసుపత్రిలో డాక్టర్లు అన్నారు. భీమరావు దంపతులు తిరుగు ఓడను వదులుకుని ఆమెతో ఉండిపోయారు. ముక్కుకు గొట్టం పెట్టుకుని పడుకున్న మనిషి పక్కన బల్ల మీద కూర్చుని, ఆమె అతని రొమ్ము లేస్తోందా పడుతోందా అని చూసేది. తన మెడ మీది గోళ్ల గాట్లకు నర్సు మందు రాయబోతే, ముందు ఆయన్ను చూడమంది. జ్వరం దిగడానికి రెండు వారాలు పట్టింది.

మదనపల్లెకు తిరిగొచ్చాక అందరూ వచ్చి చూశారు. పోస్టాఫీసులో పూలదండ వేశారు. సావిత్రిలాగా మొగుణ్ణి యముడి దగ్గర్నుంచి తెచ్చుకుందని ఒకాయన మాట్లాడాడు. పద్మావతి తల వంచుకుని నిలబడింది. గణేష్ కూడా వచ్చి ముందువరసలో కూర్చున్నాడు. చప్పట్లు కొట్టలేదు.

ఇంట్లో అతను మంచిగానే ఉండేవాడు. అయితే ఆ రోజు గురించి మాట ఎత్తేవాడు కాదు. ఆమె ఎత్తితే లేచి వాకిట్లోకి పోయేవాడు. మెట్లెక్కితే ఆయాసం. పల్లెలు తిరగలేక ఆఫీసు పని అడిగి తీసుకున్నాడు. బిందె నిండా నీళ్లు చూస్తే ముఖం తిప్పుకునేవాడు. స్నానానికి చెంబు నీళ్లు తలమీద పోసుకోలేక, తడిగుడ్డతో తుడుచుకునేవాడు. నిద్రలో చేతులు గాలిలోకి లేచేవి. ఆమె పక్కనుంటే ఆ చేతులు అందకుండా జరిగి పడుకునేది. అలా జరగడం అతను చూశాడో లేదో ఆమెకు తెలియదు. మనసులో ఒక భయం పట్టుకుంది. ఇతను బతికాడు గాని, తనతో బతకడం లేదని. ఆ భయం ఆ రాళ్ల మీది భయం కన్నా చెడ్డది, ఎందుకంటే దీనికి పట్టుకోవడానికి ఏమీ లేదు, అరిచినా వచ్చేవాళ్లు లేరు. ఆ ఏడాదంతా అలాగే గడిచింది.

మరుసటి ఏడు వేసవిలో అతని ఊపిరితిత్తుల పరీక్షకు కుప్పం ఆసుపత్రికి పోయారు. డాక్టరు ఎక్స్‌రే ఫొటో చూసి, మచ్చ ఉంది గాని పెరగలేదు, ఇంతే, దీనితోనే బతకాలి అన్నాడు. మధ్యాహ్నం బస్టాండులో మదనపల్లె బస్సు కోసం సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. పక్కన ఒక తమిళ ముసలామె మల్లెపూలు మాల కడుతోంది. గణేష్ ఆ వేళ్లనే చూస్తూ అన్నాడు.

"ఆ పొద్దు నన్ను తన్నినావు."

"తన్నినాను," అంది పద్మావతి.

"కడుపులో."

"ఆ."

"ఇడిసిపెట్టి పోతాండావనుకున్నా."

"ఇడిసిపెట్టినాను. లేకుంటే ఇద్దరం పోతాము. మళ్లా వస్తానని సెప్పడానికి టయిం లేదు."

"మళ్లా వస్తావని నీకు తెల్సునా?"

ఒక బస్సు వచ్చి పోయింది, పలమనేరుది. అబద్ధం చెబితే అతనికి తెలిసిపోతుందని ఆమెకు అనిపించింది. అంతకన్నా, తనకే ఇంక మొయ్యడం చాతకాదనిపించింది.

"తెలీదు. పైకొచ్చి గాలి పీల్చినాక నువ్వు యాడా కనపడలేదు. అప్పుడొకసారి గట్టు వైపు సూసినాను. పోదామా అని సూసినాను. తర్వాత మునిగినాను."

గణేష్ తల ఊపాడు. మూడు నాలుగుసార్లు ఊపాడు.

"నువ్వు వదిలినప్పుడు," అన్నాడు నెమ్మదిగా, "పోనీలే, పాపకు ఒకరన్నా ఉంటారులే అనుకున్నా. నిజంగా. అందుకే నేనూ చేతులు వదిలేసినా."

పద్మావతి అతని ముఖం చూసింది. అతని చేతులు ఎట్లా వదిలాయో ఆమె మెడకు తెలుసు. ఆ మాట అతను ఎన్నాళ్లుగా లోపల కూడగట్టుకుంటున్నాడో, తన కోసమో ఆమె కోసమో, అడగాలనిపించలేదు.

"అట్లనా," అంది.

"అట్లే."

మదనపల్లె బస్సు వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కారు. గణేష్ రెండో మెట్టు మీద ఆగి, కమ్మీ పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. వెనకనున్న వాళ్లు తొందరపెడుతుంటే, "ఆయనకు ఆయాసం, రవ్వంత ఆగండప్పా," అని పద్మావతి తన వీపు అడ్డం పెట్టి నిలబడింది. అతను వెనక్కి చెయ్యి చాపాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని ఎక్కింది.

కిటికీ పక్క సీటు ఆమెకిచ్చాడు. వి.కోట దాటేలోపే ఆమెకు కడుపులో తిప్పడం మొదలైంది. అతను సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఆమె చేతికిచ్చి, వాంతి అయిపోయేదాకా వీపు మీద చెయ్యి ఉంచాడు.